సెకండ్‌హ్యాండ్ డిస్నీ పాయింట్లు: ఎనిమిదేళ్లు వాడాక

మా బావమరిది నన్ను ఇప్పటికీ "సెకండ్‌హ్యాండ్ మెంబర్" అనే ఏడిపిస్తాడు. డిస్నీ వెకేషన్ క్లబ్ అంటే డిస్నీ రిసార్టుల్లో ఏటా గదులు వాడుకునే హక్కుని పాయింట్ల రూపంలో అమ్మే టైమ్‌షేర్. తను ఆ పాయింట్లు కంపెనీ దగ్గరే నేరుగా కొన్నాడు. నేను 2017లో రీసేల్‌లో, అంటే ఎవరో కొని కొన్నేళ్లు వాడుకున్న కాంట్రాక్టుని బ్రోకర్ ద్వారా తీసుకున్నాను. ఇద్దరం అట్లాంటా పక్కన ఆల్ఫరెట్టాలోనే ఉంటాం. ఏడాదికోసారి రెండు కార్లలో ఏడు గంటలు నడుపుకుంటూ డిస్నీ వరల్డ్ ఉన్న ఒర్లాండో వెళ్తాం. ఎవరి బేరం ఎలా ఉందో పక్కపక్కనే పెట్టి చూసుకునే అవకాశం అలా దొరికింది.

నేను కొన్నది యానిమల్ కింగ్‌డమ్ విల్లాస్ అనే రిసార్టులో 160 పాయింట్లు, పాయింటు 88 డాలర్ల చొప్పున 14,080 డాలర్లు. క్లోజింగ్ ఖర్చులు, అంటే పేరు మార్పిడి ఖర్చులు, దీనికి అదనం. అప్పట్లో కంపెనీ తన కొత్త రిసార్టుకి చెబుతున్న రేటు దాదాపు దీనికి రెట్టింపు. ఏటా 160 పాయింట్లు ఖాతాలో పడతాయి, వాటితో గదులు బుక్ చేసుకోవాలి. ఇదంతా 2057 జనవరి 31 వరకే. డీడ్ చేతికొస్తుంది, కౌంటీలో రిజిస్టర్ అవుతుంది, కానీ లోపల ఉన్నది లీజు మాత్రమే. ఈ సంగతి తెలియక నేను ఫోన్లో "ఫ్లోరిడాలో రిజిస్ట్రేషన్ అయింది నాన్నా" అన్నాను. "ఎన్ని గజాలు?" అన్నారాయన. ఏం చెప్పాలో తోచలేదు.

రీసేల్‌లో కొనడానికి ఓపిక కావాలి. ఆఫర్ ఒప్పుకున్నాక అడ్వాన్సు టైటిల్ కంపెనీ దగ్గర ఉంటుంది. ఆ కాగితాలు డిస్నీకి వెళ్తాయి. అదే ధరకి తామే కొనేసుకునే హక్కు వాళ్లకుంది, తేల్చడానికి 30 రోజుల గడువు. మరీ చవగ్గా బేరం కుదిరిందని మనం సంబరపడితే ఇక్కడే చేజారే ప్రమాదం ఎక్కువ. మాది 18 రోజుల తర్వాత వదిలేశారు. ఆ 18 రోజులూ పొద్దున లేవగానే మెయిల్ చూడడమే పని. క్లోజింగ్ అయి, పాయింట్లు ఖాతాలో కనబడేసరికి రెండు నెలలు దాటింది. మా బావమరిది మాత్రం 2019 వేసవిలో ట్రిప్ మధ్యలో ఒక మధ్యాహ్నం వెళ్లి సంతకాలు పెట్టి వచ్చాడు. నేరుగా కొన్నవాళ్లకి మనసు మారితే ఫ్లోరిడా చట్టం ప్రకారం పది రోజుల్లో రద్దు చేసుకునే వీలుంది. తను దాని గురించి అడగనైనా అడగలేదు, అది వేరే సంగతి.

ఇక మా కాంట్రాక్టులో తేలిన తిరకాసు. బ్రోకర్ లిస్టింగులో "2017 పాయింట్లు 160 మొత్తం ఉన్నాయి" అని రాసి ఉంది. క్లోజింగ్‌కి ముందు ఎస్టాపెల్ అని ఒక కాగితం వస్తుంది. ఆ కాంట్రాక్టులో నిజంగా ఎన్ని పాయింట్లు ఉన్నాయో, డ్యూస్, అంటే రిసార్టు నిర్వహణకి ఏటా కట్టే ఫీజు, ఎంతవరకు కట్టారో డిస్నీ వైపు నుంచి ధ్రువీకరించే పత్రం అది. అందులో 120 అని ఉంది. అమ్మే ఆవిడ ముందు సంవత్సరం ట్రిప్ కోసం 40 పాయింట్లు ముందుగానే తీసి వాడేసుకుంది. బ్రోకర్‌కి ఫోన్ చేస్తే "ఓ, అలాగా" అన్నాడు, పెళ్లిలో ఒక కూర తక్కువైందన్నంత తేలిగ్గా. చివరికి ఆ 40 పాయింట్లకి లెక్కగట్టి ధర తగ్గించారు. ఎస్టాపెల్ చదవకుండా సంతకం పెట్టి ఉంటే ఆ తగ్గింపు కూడా వచ్చేది కాదు. రీసేల్‌లో కొనేవాళ్లు మిగతావన్నీ పైపైన చూసినా ఆ ఒక్క కాగితం మాత్రం వేలు పెట్టి అంకె అంకె చదవండి.

ఇంతకన్నా పెద్ద తప్పు నేను చేసుకున్నదే, అది తెలిసొచ్చేసరికి ఐదేళ్లు పట్టింది. ప్రతి కాంట్రాక్టుకీ "యూజ్ ఇయర్" అని ఉంటుంది. పాయింట్ల సంవత్సరం ఏ నెలలో మొదలవుతుందో చెప్పేది అదే. మాది ఫిబ్రవరి. ధర చూశాను, రిసార్టు చూశాను, ఈ నెల సంగతి పట్టించుకోలేదు. పాయింట్లని వచ్చే ఏడాదికి దాచుకోవాలంటే, వాళ్ల భాషలో బ్యాంకింగ్, యూజ్ ఇయర్ మొదలైన ఎనిమిది నెలల్లోపు చేయాలి. ఫిబ్రవరిలో మొదలైతే గడువు సెప్టెంబర్ 30. మేమేమో పిల్లల స్కూలు సెలవుల్ని బట్టి ఎప్పుడూ డిసెంబర్‌లోనే వెళ్తాం.

2022 డిసెంబర్‌లో సామాన్లు సర్దుతుండగా చిన్నవాడికి జ్వరం మొదలైంది, తర్వాత ఒకరి తర్వాత ఒకరికి. రద్దు చేశాం. బ్యాంకింగ్ గడువు దాటిపోయి రెండు నెలలైంది. పైగా ట్రిప్ ఇంకా 30 రోజులలోపు ఉందనగా రద్దు చేస్తే ఆ పాయింట్లు హోల్డింగ్‌లోకి వెళ్తాయి. వాటితో రాబోయే 60 రోజుల లోపల ఖాళీగా ఉన్న గదులే దొరుకుతాయి. మా పాయింట్ల ఏడాది జనవరి 31తో అయిపోతోంది. క్రిస్మస్ రోజుల్లో ఖాళీలు ఎక్కడుంటాయి? రోజూ రాత్రి ఒంటిగంట దాకా ఆ క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. చివరికి జనవరిలో నాలుగు రాత్రులు దొరికితే మా ఆఫీసు స్నేహితుడి కుటుంబాన్ని పంపాను. మిగిలిన పాయింట్లు మురిగిపోయాయి.

మాలా డిసెంబర్‌లో వెళ్లేవాళ్లకి సెప్టెంబర్, అక్టోబర్ యూజ్ ఇయర్ అయితే హాయి, చివరి నిమిషంలో రద్దయినా ఆ పాయింట్లు వాడుకోవడానికి నెలలకు నెలలు ఉంటాయి. కంపెనీ దగ్గర కొంటే ఈ నెలని మనం అడిగి ఎంచుకోవచ్చు. రీసేల్‌లో అమ్మేవాళ్ల దగ్గర ఏ నెల ఉంటే అదే. ధర తేడా గురించి అందరూ చెబుతారు గానీ ఈ తేడా గురించి నాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న: రీసేల్ వాళ్లని తక్కువగా చూస్తారా? గది దగ్గర అస్సలు చూడరు. హోమ్ రిసార్టులో, అంటే మనం పాయింట్లు కొన్న రిసార్టులో, 11 నెలల ముందు, మిగతా చోట్ల 7 నెలల ముందు బుక్ చేసుకునే హక్కు ఇద్దరికీ ఒకటే. యానిమల్ కింగ్‌డమ్ నా హోమ్ రిసార్టు కాబట్టి 11 నెలల ముందు, సరిగ్గా పొద్దున 8 గంటలకి నేను కూర్చుంటే సవానా వైపు, అంటే జంతువులు తిరిగే మైదానం కనిపించే వైపు, గది దొరుకుతుంది. డబ్బు ఎక్కువ పెట్టిన మా బావమరిది మాత్రం 7 నెలల దాకా ఆగాలి. తనది రివియెరా అనే వేరే రిసార్టు మరి.

తేడాలు మిగతా చోట్ల ఉన్నాయి. 2016 ఏప్రిల్ 4 నుంచి రీసేల్‌లో కొన్నవాళ్లకి మెంబర్ తగ్గింపులు లేవు. రెస్టారెంట్లలో, షాపుల్లో తగ్గింపు, యాన్యువల్ పాస్ మీద తగ్గింపు, ఎప్‌కాట్ పార్కులో మెంబర్ల లాంజ్, ఇవన్నీ మా బావమరిదికి ఉన్నాయి, నాకు లేవు. ఏడాదికి రెండుసార్లు వెళ్లి, ఇంటిల్లిపాదికీ పాసులు కొనేవాళ్లకి ఇది చిన్న మొత్తమేమీ కాదు. మేం వెళ్లేది ఒకసారి, భోజనం చాలావరకు గదిలోనే వండుకుంటాం. మా లెక్కలో ఆ తగ్గింపులన్నీ కలిపినా ధర తేడా పూడడానికి ఏళ్లు పడుతుంది.

2019 జనవరి 19 నుంచి ఇంకో మెలిక వచ్చింది. ఆ తర్వాత పాత 14 రిసార్టుల్లో రీసేల్‌లో కొన్న పాయింట్లు రివియెరా లాంటి కొత్త రిసార్టుల్లో చెల్లవు. రివియెరాని రీసేల్‌లో కొంటే ఆ పాయింట్లు రివియెరాలో తప్ప ఇంకెక్కడా చెల్లవు. నేను ముందే కొన్నాను కాబట్టి నాకు ఇది వర్తించదు. వినడానికి ఇది రీసేల్ వాళ్ల మీద పడిన దెబ్బలా ఉంటుంది గానీ నా దృష్టిలో అసలు దెబ్బ నేరుగా కొన్నవాళ్ల మీదే. వాళ్లు వాడుకున్నంత కాలం ఇబ్బంది లేదు. అమ్ముకునే రోజున మాత్రం, ఒకే ఒక్క రిసార్టులో చెల్లే పాయింట్లకి ఎవరు మంచి ధర ఇస్తారు? 2023లో డల్లాస్ మారదామా అనుకున్నప్పుడు మా బావమరిది రేట్లు కనుక్కున్నాడు. తను కొన్నప్పటి లిస్టు ధర పాయింటుకి 188 డాలర్లు. వచ్చిన ఆఫర్లలో ఒక్కటీ అందులో మూడింట రెండొంతులకి చేరలేదు. "బావా, కొత్తకారు షోరూం గేటు దాటినట్టయింది" అన్నాడు. డల్లాస్ మారలేదు, పాయింట్లూ అమ్మలేదు.

ఇక డ్యూస్. నేరుగా కొన్నా రీసేల్‌లో కొన్నా ఒక రిసార్టుకి డ్యూస్ ఒకటే, తప్పించుకునే దారి లేదు. యానిమల్ కింగ్‌డమ్‌లో నేను చేరినప్పుడు పాయింటుకి 7 డాలర్ల పైచిలుకు, ఇప్పుడు 9 దాటింది. అంటే 160 పాయింట్లకి ఏడాదికి 1,450 డాలర్ల పైన, వెళ్లినా వెళ్లకపోయినా. కొన్న ధర ఒకసారి కట్టి మరిచిపోతాం గానీ ఇది 2057 దాకా వెంటే వస్తుంది. 88 డాలర్లకి దొరికిందని మురిసిపోయే రోజుల్లో ఈ గుణకారం నేను చేయలేదు. కొనాలనుకునేవాళ్లు మొదట ఈ లెక్క చేసుకుని, ఆ తర్వాతే బ్రోకర్‌కి ఫోన్ చేయండి.

ఇన్ని చెప్పాక మళ్లీ కొంటారా అంటే, కొంటాను. రీసేల్‌లోనే, ఈసారి యూజ్ ఇయర్ చూసుకుని. కారణం లెక్కల్లో లేదు. యానిమల్ కింగ్‌డమ్‌లోనే ఉన్న కిడానీ విలేజ్‌లో ఒక బెడ్‌రూం విల్లా అంటే రెండు బాత్‌రూంలు, పూర్తి వంటగది, వాషింగ్ మెషిన్. తెనాలి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఆ రెండో బాత్‌రూం విలువ నాకు తెలుసు. రైస్ కుక్కర్, కందిపప్పు, ఆవకాయ సీసా ఎలాగూ డిక్కీలో ఉంటాయి. సవానా వైపు గదికి రాత్రికి పడే పాయింట్లు సీజన్‌ని బట్టి మారతాయి.

మొదటిసారి అమ్మ పొద్దున్నే బాల్కనీలోకి వెళ్లి చాలాసేపు రాలేదు. వెళ్లి చూస్తే, జిరాఫీలని వదిలేసి, ఆఫ్రికా అంకోలే పశువుల వైపు చూస్తోంది. చేయంత పొడుగు, చేయికన్నా లావు కొమ్ములు వాటికి. "మన ఒంగోలు గిత్తల ముందు ఒళ్లు బక్కవే గానీ కొమ్ములు మాత్రం ఒప్పుకోవాలిరా" అంది. ఆ మధ్యాహ్నం కింద ఉన్న సానా రెస్టారెంట్‌లో రొట్టెలు, తొమ్మిది రకాల చట్నీలు తెప్పించాం. అమ్మ ఒక్కోటీ నాలుకకి రాసి చూసి, చింతపండు చట్నీకి మాత్రం తల ఊపింది. బిల్లు నేను చూపించలేదు. మెంబర్ తగ్గింపు లేని బిల్లు కదా.

అమ్మానాన్నలు వచ్చే డిసెంబర్‌కి మళ్లీ వస్తామన్నారు. మొన్న 11 నెలల గడువు రోజు, ఏడూ యాభై ఐదుకే లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. గది దొరికింది. దొరికిన వెంటనే ఫోన్‌లో సెప్టెంబర్ 25కి ఒక రిమైండర్ పెట్టాను: "ఎవరికైనా దగ్గు ఉందా? బ్యాంక్ చేయాలా?"