ఆత్మకథా, కవిత్వమా? ఇంగ్లిష్ క్లాసులో ముందు ఏది?

జూన్ వచ్చిందంటే నాలుగైదు ఇళ్ల నుంచి నాకు ఒకే ప్రశ్న వస్తుంది. "మేడమ్, మార్కుల సంగతి సరే, మా పాప ఇంగ్లిష్ కాస్త లోతుగా చదవాలంటే కవిత్వంతో మొదలుపెట్టాలా, ఆత్మకథలతోనా?" హనుమకొండ నయీంనగర్‌లో మా ఇంటి ముందుగదిలో ఆదివారం పొద్దున సీబీఎస్ఈ 12వ తరగతి పిల్లలు పదిమంది దాకా కూర్చుంటారు. వారమంతా ఫిజిక్స్, మ్యాథ్స్ కోచింగుకు పోగా మిగిలిన రెండు గంటలవి. నవల, నాటకం గురించి అడిగితే సెలవుల్లో చదువుకోమంటాను. ఆ కొద్ది సమయం వాటికి చాలదు.

కవిత్వం వైపు చెప్పుకోవలసింది చాలానే ఉంది. 'ఫ్లెమింగో' పాఠ్యపుస్తకంలో, అరవై ఆరేళ్ల తల్లి గురించి కమలాదాస్ రాసిన కవితనే తీసుకోండి. మొత్తం ఒకే వాక్యం. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కామాలే చెబుతాయి. గంటలో నాలుగుసార్లు పైకి చదివించవచ్చు, చదివిన ప్రతిసారీ వేరే మాట దగ్గర ఆగవచ్చు. ఆత్మకథతో ఈ వెసులుబాటు లేదు. పైగా పద్యం మన పిల్లలకు కొత్త కాదు. వేమనతో, సుమతీ శతకంతో పెరిగినవాళ్లే.

చిక్కు కూడా అక్కడే ఉంది. పద్యం కనబడగానే ప్రతిపదార్థం, తాత్పర్యం రాసేయడం మనకు అలవాటు. దానికి తోడు గైడ్లు సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్ అంటూ ఒక అలంకారాల పట్టిక చేతికిచ్చాయి. కారులో పక్కన కునుకు తీస్తున్న తల్లి ముఖం శవం ముఖంలా పాలిపోయి ఉందని కవయిత్రి అంటుంది. అంత మాట అన్నచోట మా పిల్లలు పెన్సిల్‌తో అంచున 'సిమిలీ' అని రాసుకుని ముందుకు వెళ్లిపోతారు. ఎవరికీ గొంతు తడబడదు. తప్పు వాళ్లది కాదు, పరీక్షలో అడిగేదీ అదే. కేవలం మార్కులే కావాలంటే కవిత్వంతో మొదలుపెట్టండి, సిమిలీల పట్టిక మీకు బాగానే పనికొస్తుంది.

ఆత్మకథకు అలాంటి పట్టిక లేదు. నా దృష్టిలో అసలు తేడా ఇదే. అందులో ఇద్దరు 'నేను'లు ఉంటారు. ఒకరు అనుభవించిన పిల్ల, మరొకరు రాస్తున్న పెద్దమనిషి. వాళ్లను విడదీసి చూడటం వచ్చిందా, చదవడం వచ్చినట్టే.

12వ తరగతి మరో ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం 'విస్టాస్'లో జిట్కాలా-షా రాసిన బడి జ్ఞాపకం ఉంది. అమెరికా ఆదివాసీ పిల్ల. 1884లో ఎనిమిదేళ్లప్పుడు ఇండియానా రాష్ట్రంలోని బడికి తీసుకెళ్లారు. మొదటిరోజు భోజనాల గదిలో చిన్న గంట మోగింది. అందరూ కుర్చీలు బయటికి లాగారు. కూర్చోమన్నారనుకుని ఈ పిల్ల కూర్చుంది. తల తిప్పి చూస్తే మిగతావాళ్లంతా నిలబడే ఉన్నారు. లేవబోతుండగా రెండో గంట మోగింది, అప్పుడు అందరూ కూర్చున్నారు. మూడో గంటకు అందరూ ఫోర్కులు, కత్తులు అందుకుంటే తను ఏడుపు మొదలుపెట్టింది. ఇదంతా చెప్పి రచయిత్రి దాన్ని ఫార్ములా ప్రకారం తినడం అంటుంది.

ఇక్కడ నోటుబుక్కులో నిలువుగీత గీయమంటాను. ఎడమవైపు పిల్లకు అప్పుడు తెలిసినవి, కుడివైపు పెద్దయ్యాక తెలిసినవి. గంటలు, కుర్చీలు ఎడమవైపు వెళ్తాయి. 'ఫార్ములా' ఎటు వెళ్తుంది? కిందటేడు దీని మీద ఇరవై నిమిషాలు వాదించుకున్నారు (ఫార్ములాలతో బతికే పిల్లలు కదా, మాట మీద వాళ్లకు మమకారం ఎక్కువ). చివరికి పరకాల వైపు నుంచి వచ్చే అబ్బాయి అడిగాడు. "ఆరోజు ఆమెకు ఇంగ్లిష్ రాదు కదా మేడమ్, మరి ఈ మాటలన్నీ ఎవరివి?"

ఆ మాటలు ఆమెవే. పదహారేళ్ల తర్వాత, 1900లో, ఆరోజు తనకు అర్థంకాని భాషలోనే రాసింది. ఐదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాడు కాబట్టి ఆ ప్రశ్న వాడికే తట్టింది. తర్వాతి ఆదివారం ఒక పేజీ రాసుకొచ్చాడు. ఆరో తరగతి మొదటిరోజు టీచరు ఏమడిగినా 'యెస్' అన్నాడట, పేరు అడిగినా సరే. గైడ్లో దొరకని పేజీ అది.

అదే పాఠం రెండో భాగంలో తమిళ దళిత రచయిత్రి బామ రాసిన చిన్ననాటి జ్ఞాపకం ఉంది. తమ వీధి పెద్దాయన ఒకరు తినుబండారాల పొట్లాన్ని ముట్టుకోకుండా దారం పట్టుకుని మోసుకెళ్తుంటే చూసి పగలబడి నవ్వుకున్న పిల్ల, అలా మోయడం వెనక కులం ఉందని అన్న చెప్పాక తెలుసుకుంది. నిలువుగీతకు ఇంతకన్నా తేలికైన పాఠం లేదు, అందుకే దీన్ని ముందు చెప్పి జిట్కాలా-షా దగ్గరికి వెళ్తాను.

ఇవి అయ్యాకే కమలాదాస్. ఈసారి ఒక అమ్మాయి శవం పోలిక దగ్గర ఆగలేదు, చివరలో వచ్చే 'నా చిన్ననాటి భయం' అన్నచోట ఆగింది. "మేడమ్, ఇక్కడ కూడా ఇద్దరున్నారు" అంది. కవితతో మొదలుపెట్టిన ఏడాదుల్లో ఆ మాట నాకు ఎవరి నోటా వినిపించలేదు.

రెండూ పక్కపక్కన కావాలంటే మన ఊళ్లోనే ఉన్నాయి. కాళోజీ కవితలు 'నా గొడవ', ఆత్మకథ 'ఇదీ నా గొడవ'. ఇంగ్లిష్‌లో పూర్తి పుస్తకం చదవగలిగినవారికి అమెరికా నల్లజాతి రచయిత్రి మాయా ఏంజెలో 1969 నాటి ఆత్మకథ 'ఐ నో వై ది కేజ్డ్ బర్డ్ సింగ్స్' ఉంది. పంజరంలోని పక్షి పాట గురించిన ఆ పేరు 1899లో పాల్ లారెన్స్ డన్‌బార్ రాసిన కవితలోని పంక్తి. అయితే ఆ ఆత్మకథలో చిన్నతనంలో ఆమెపై జరిగిన అత్యాచారం ఉంది. తల్లిదండ్రులు ముందు తాము చదివి తర్వాత ఇవ్వడం మంచిది. నేను మాత్రం ఎంచుకున్న అధ్యాయాలే చెబుతాను.

కొత్త బ్యాచ్ వచ్చే ఆదివారం మొదలు. మొదటి వారం బామ, రెండో వారం జిట్కాలా-షా. రెండు వందల పేజీల నోటుబుక్కు, ఒక స్కేలు తెచ్చుకుంటే చాలు. సిమిలీల పట్టిక ఆగస్టు దాకా ఇంట్లోనే ఉంచండి.