పాత ల్యాప్‌టాప్‌కు ఇంటెల్ ఏఎక్స్210 వైఫై కార్డు: ఎవరు కొనాలి, ఎవరికి యూఎస్‌బీ అడాప్టరే మేలు

2014–2019 మధ్య ముప్ఫై నలభై వేలకు కొన్న ల్యాప్‌టాప్‌లలో చాలావాటిది ఒకటే జబ్బు. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంటుంది, ఫోనులో 90 దాటుతుంది, అదే గదిలో ల్యాప్‌టాప్ మాత్రం 20, 30 దగ్గర నీరసపడుతుంది. కస్టమర్ కేర్‌కు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఉపయోగం ఉండదు, ఎందుకంటే లోపం లైన్‌లో కాదు, ల్యాప్‌టాప్ లోపలున్న వైఫై కార్డులో. ఆ ధరలో ఎక్కువగా వచ్చినవి రియల్‌టెక్ ఆర్‌టీఎల్8723డీఈ, బ్రాడ్‌కామ్ బీసీఎం43142, క్వాల్‌కామ్ క్యూసీఏ9377 లాంటివి. మొదటి రెండూ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి, వాడేది ఒక్క స్ట్రీమే (ఒక్కో యాంటెన్నా మీద నడిచే డేటా దారి). మామూలు 20 మెగాహెర్ట్జ్ ఛానెల్ మీద వాటి లింక్ స్పీడ్, అంటే రౌటర్‌కూ కార్డుకూ మధ్య కుదిరే వేగం, గరిష్ఠంగా 72 ఎంబీపీఎస్. డౌన్‌లోడ్‌లో కనిపించేది అందులో సగానికి కొంచెం పైన, చుట్టుపక్కల ఫ్లాట్ల రౌటర్లన్నీ అవే ఛానెళ్లలో ఉంటే ఇంకా తక్కువ. మూడోది 5 గిగాహెర్ట్జ్ కూడా పట్టుకుంటుంది గానీ అదీ ఒంటి స్ట్రీమే, లింక్ 433 దాటదు.

ఈ కార్డు తీసేసి ఇంటెల్ ఏఎక్స్210 పెట్టడమే ప్రస్తుతానికి పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితమిచ్చే మార్పు. ధర అమ్మేవాళ్లను బట్టి సుమారు 1,500 నుంచి 2,500 రూపాయలు. వైఫై 6ఈ (6 గిగాహెర్ట్జ్ కూడా పట్టుకునే వైఫై 6), రెండు స్ట్రీములు, బ్లూటూత్ కూడా అందులోనే. 80 మెగాహెర్ట్జ్ ఛానెల్ మీద లింక్ 1201 ఎంబీపీఎస్, 160 మీద 2402. పెట్టె మీద పెద్దగా వేసేది ఆ చివరి అంకెనే. సిగ్నల్ కోసం కొనేవాళ్లకు దానితో పని లేదు. ఛానెల్ వెడల్పు రెట్టింపైతే దానితోపాటు లోపలికొచ్చే నాయిస్ కూడా రెట్టింపవుతుంది, అంటే 3 డెసిబెల్ నష్టం. దూరపు గదిలో 80 మెగాహెర్ట్జ్ లింకే నిలకడగా ఉంటుంది.

అసలు లాభం రెండో యాంటెన్నా. ఒకే సిగ్నల్‌ను రెండు యాంటెన్నాలు విని కలిపితే సగటున 3 డెసిబెల్ దాకా కలిసొస్తుంది. అంతకన్నా ముఖ్యం, గోడలకు తగిలి తిరిగొచ్చే అలల వల్ల ఒక యాంటెన్నా దగ్గర సిగ్నల్ పడిపోయినా రెండోది నిలబెడుతుంది. వీడియో కాల్‌లో తల పక్కకు తిప్పితే గొంతు తెగిపోయే బాధ తగ్గేది దీనివల్లే. ఇక్కడ ఒక మాట ముందే తెలిసి ఉండాలి: కార్డు మార్చినంత మాత్రాన టాస్క్‌బార్‌లో గీతలు పెరగవు. రౌటర్ పంపే శక్తి అంతే, గోడలు అవే. అవే రెండు గీతల మీద ఎక్కువ వేగం, తక్కువ తెగుడు వస్తాయి. గీతలు చూసి కార్డు నకిలీదని వెనక్కి పంపేవాళ్లు చాలామంది.

కొనేముందు నాలుగు సంగతులు చూసుకోవాలి. ఒకటి తప్పినా డబ్బు దండగ.

మొదట, కార్డు తీయగలిగేదేనా? సన్నటి ల్యాప్‌టాప్‌లలో కొన్నింటిలో వైఫై చిప్‌ను మదర్‌బోర్డుకే టంకం వేసేస్తారు. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో వైఫై కార్డు తీసే పేజీ ఉంటే చాలు, అది తీయగలిగేదే. స్లాట్ రకం కూడా అక్కడే తెలుస్తుంది. ఏఎక్స్210కు కావాల్సింది ఎం.2 2230, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 పొడవు, కీ (స్లాట్‌లోని గాటు రకం) 'A' లేదా 'E'. 2013కు ముందు వాటిలో ఎక్కువగా ఉండేది మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్, అందులో ఇది పట్టదు. అలాంటివాటికి ఇంటెల్ 7260హెచ్‌ఎండబ్ల్యూ ఇప్పటికీ మంచి కార్డే: 5 గిగాహెర్ట్జ్, రెండు స్ట్రీములు, 867 ఎంబీపీఎస్. ఆర్డర్ పెట్టేటప్పుడు చివరి అక్షరాలు చూడండి, 7260ఎన్‌జీడబ్ల్యూ అంటే ఎం.2 కార్డు.

రెండోది, పేరులో ఒక్క అంకె తేడా. ఏఎక్స్201, ఏఎక్స్211, 9560 కార్డులు చూడ్డానికి ఏఎక్స్210 లాగే ఉంటాయి, అదే స్లాట్‌లో కూర్చుంటాయి, ధర కూడా కొంచెం తక్కువ. కానీ అవి సీఎన్‌వీఐ రకం. వైఫై పనిలో సగం ఇంటెల్ ప్రాసెసర్ వైపు చిప్‌సెట్ చేస్తుంది, కార్డులో మిగిలేది రేడియో భాగమే. పాత ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలోనూ, ఏఎండీ వాటిలోనూ అవి అసలు కనిపించవు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా లేబుల్ మీద ఏఎక్స్210ఎన్‌జీడబ్ల్యూ అని ఉందో లేదో మీ కళ్లతో చదవండి. ఇంటెల్‌దే వైఫై 7 కార్డు బీఈ200 మీద మోజు పడేవాళ్లకు కూడా ఇదే హెచ్చరిక: ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో అది పనిచేయదు. ఏఎక్స్210కు ఆ పేచీ లేదు.

మూడోది బయాస్ (ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) జాబితా. పాత థింక్‌ప్యాడ్‌లు (టీ430, ఎక్స్230 కాలం నాటివి), కొన్ని పాత హెచ్‌పీలు తయారీదారు ఒప్పుకున్న కార్డులు తప్ప మరొకటి పెడితే బూట్ అవ్వవు. థింక్‌ప్యాడ్‌లో 1802, హెచ్‌పీలో 104 నంబరుతో ఎర్రర్ వచ్చి ఆగిపోతాయి. పాత కార్డు మళ్లీ పెడితే మామూలైపోతుంది, భయం లేదు, కానీ కొత్తది వృథా.

నాలుగోది చాలామంది చూడనిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: స్క్రీన్ ఉన్న మూత లోపలి నుంచి కార్డు దాకా వచ్చే యాంటెన్నా వైర్లు ఎన్ని? చవక మోడళ్లలో కొన్నింటికి కంపెనీ ఒకటే వైరు వేస్తుంది. అప్పుడు ఏఎక్స్210 కూడా ఒంటి స్ట్రీమే నడుపుతుంది. 5 గిగాహెర్ట్జ్, వైఫై 6 వస్తాయి గానీ రెండో యాంటెన్నా వల్ల రావాల్సిన లాభం రాదు. అతికించే యాంటెన్నాలు దొరుకుతాయి, కానీ వాటిని మూతలోకి తీసుకెళ్లాలంటే స్క్రీన్ బెజెల్ విప్పాలి, హింజ్ గుండా వైరు దూర్చాలి. కీబోర్డు కింద అతికిస్తే చుట్టూ ఉన్న లోహం సిగ్నల్‌ను మింగేస్తుంది. ఇంత తంటా పడేకన్నా కింద చెప్పిన యూఎస్‌బీ దారి మేలు.

ఈ నాలుగూ సరిపోతే బిగించడం అరగంట పని. ఇంటెల్ సైటు నుంచి వైఫై డ్రైవరు, బ్లూటూత్ డ్రైవరు రెండూ వేర్వేరుగా ముందే దించి పెట్టుకోండి. కార్డు మార్చాక నెట్ లేక డ్రైవరు దించుకోలేని ఇరకాటం మామూలే. విండోస్ 10 లేదా 11, 64 బిట్ అయి ఉండాలి. విండోస్ 7కు డ్రైవరు లేదు. లైనక్స్‌లో 5.10 కెర్నల్ నుంచి ఏమీ చేయకుండానే పనిచేస్తుంది. షిఫ్ట్ కీ నొక్కిపెట్టి షట్‌డౌన్ చేయండి, లేకపోతే ఫాస్ట్ స్టార్టప్ వల్ల పూర్తిగా ఆగదు. ఛార్జర్ తీసి, అడుగు మూత విప్పండి. కొన్నింటిలో స్క్రూలు రబ్బరు కాళ్ల కింద దాక్కుని ఉంటాయి, అవి వదిలేసి లాగితే మూత విరుగుతుంది. లోపల మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి.

వైర్లను పట్టుకుని లాగొద్దు. గోరు గానీ ప్లాస్టిక్ పుల్ల గానీ కనెక్టర్ అంచు కిందికి పోనిచ్చి నిట్టనిలువుగా పైకి లేపాలి. స్క్రూ తీయగానే కార్డు ఒకవైపు తనంతట తానే లేస్తుంది, ఆ వాలులోనే బయటికి లాగి, కొత్తదాన్ని అదే వాలులో దూర్చి, కిందికి అదిమి స్క్రూ బిగించాలి. ఇక యాంటెన్నా వైర్లు. ఎం.2 కార్డుల మీద ఉండేది ఎంహెచ్‌ఎఫ్4 అనే కనెక్టర్, ఆవగింజకు కాస్త పెద్దది. మొత్తం పనిలో చెయ్యి వణికేది ఇక్కడే. కనెక్టర్‌ను బొడిపె మీద సరిగ్గా నడిమధ్య పెట్టి, చూపుడు వేలితో కొంచెం అటూ ఇటూ కదిపితే అది గుంటలో కుదురుకున్నట్టు తెలుస్తుంది, అప్పుడే నొక్కాలి. చిన్న టిక్‌మనే చప్పుడు వేలికి తగులుతుంది. కుదురుకోకముందే బలంగా నొక్కితే లోపలి అంచు వంగిపోతుంది, ఆ తర్వాత ఎన్నిసార్లు పెట్టినా ఊడుతూనే ఉంటుంది. ఇవి కొద్ది పదుల సార్లు తీసిపెట్టడానికే తయారైనవి, ఊరికే ప్రయోగాలు చేయొద్దు. రెండు వైర్లు అటుదిటు పడితే పెద్ద తేడా ఉండదు. ఒకటి సరిగ్గా కూర్చోకపోతే మాత్రం రౌటర్ పక్కనే 90 శాతం, పక్క గదిలో 20 శాతం చూపిస్తుంది. ఆ లక్షణం కనిపిస్తే డ్రైవరును అనుమానించకుండా మూత మళ్లీ విప్పండి.

ఫలితం చూడ్డానికి స్పీడ్ టెస్ట్ ఒక్కటే చాలదు. కమాండ్ ప్రాంప్ట్‌లో netsh wlan show interfaces అని కొడితే రేడియో రకం, ఛానెల్, రిసీవ్ రేటు, సిగ్నల్ శాతం వస్తాయి. ఆ శాతాన్ని సగం చేసి 100 తీసేస్తే డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మేలు): 80 శాతం అంటే మైనస్ 60, 50 శాతం అంటే మైనస్ 75. వీడియో కాల్స్‌కు మైనస్ 67 దాకా హాయిగా ఉంటుంది. మైనస్ 80 కన్నా కిందికి పడిపోతే ఏ కార్డూ ఏమీ చేయలేదు; రౌటర్ జరపాలి, లేదా ల్యాన్ కేబుల్ లాగి రెండో యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే మరో పెట్టె) పెట్టాలి. ఇనుప బీరువా వెనక దాచిన రౌటర్‌ను పైకి తీసి బయట పెడితే వచ్చే తేడా చాలా ఇళ్లలో కార్డు తెచ్చే తేడాకన్నా పెద్దది. మీ ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి చేరే పెట్టె) 2.4 మాత్రమే ఇచ్చే సింగిల్ బ్యాండ్‌ది అయినా అంతే, ముందు మార్చాల్సింది దాన్ని.

సెట్టింగుల్లో రెండు మార్చితే చాలు. డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్: ప్రిఫర్డ్ బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్ అని పెట్టండి, ఎంఐఎంఓ పవర్ సేవ్ ఆపేయండి. 6 గిగాహెర్ట్జ్ కోసం మాత్రం ఈ కార్డు కొనొద్దు. దానికి విండోస్ 11, 6ఈ రౌటర్ రెండూ కావాలి. పైగా గోడ దాటడంలో అది 5 కన్నా బలహీనం.

ఏఎక్స్210లో విసిగించేది బ్లూటూత్. ఉన్నట్టుండి డివైస్ మేనేజర్‌లో కోడ్ 43 చూపించి మాయమవుతుంది. షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపెట్టి వదిలితే చాలాసార్లు తిరిగొస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో అసలెప్పటికీ రాదు, ఎందుకంటే ఈ కార్డులో వైఫై పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద, బ్లూటూత్ యూఎస్‌బీ మీద నడుస్తాయి, ఆ స్లాట్‌కు యూఎస్‌బీ లైను వేసి ఉండకపోవచ్చు. దానికి మందు లేదు.

మీ ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ 3165, 7265, 8260 ఉండి, కొత్త వైఫై 6 రౌటర్ పేరే కనిపించడం లేదంటే ఏమీ కొనకండి. పాత ఇంటెల్ డ్రైవర్లకున్న లోపం అది. డ్రైవరు అప్‌డేట్ చేస్తే పేరు కనిపిస్తుంది.

ఇక యూఎస్‌బీ దారి. ఒంటి వైరు ఉన్నవి, టంకం వేసినవి, బయాస్ అడ్డుపడేవి, మూత విప్పడం ఇష్టం లేనివాళ్లు: వీళ్లందరికీ టీపీ-లింక్ ఆర్చర్ టీ3యూ ప్లస్ సరైనది. యూఎస్‌బీ 3.0, 5 గిగాహెర్ట్జ్‌లో 867 ఎంబీపీఎస్, నిలబెట్టగలిగే పొడుగు యాంటెన్నా. దీని తమ్ముడు టీ2యూ ప్లస్ యూఎస్‌బీ 2.0, 433 దగ్గర ఆగుతుంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కు అది కూడా సరిపోతుంది. గోరంత నానో అడాప్టర్లు మాత్రం సిగ్నల్ కోసం కొనొద్దు. యాంటెన్నా ఉండేంత చోటే వాటిలో లేదు, చవకవి 2.4 మాత్రమే పట్టుకుంటాయి, ల్యాప్‌టాప్ ఒంటికి అతుక్కుని ఉండటంతో లోపలి నాయిస్ అంతా వాటికే.

అడాప్టరుతో పాటు ఒక మీటరు యూఎస్‌బీ 3.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్ తప్పకుండా తీసుకోండి. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి తగిలించిన డిస్కులు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ నాయిస్ వెదజల్లుతాయని ఇంటెల్ 2012లోనే పత్రం ప్రచురించింది. అడాప్టర్ పక్క పోర్టులో హార్డ్ డిస్క్ పెట్టగానే నెట్ కుంటుపడటానికి కారణం అదే. కేబుల్‌తో అడాప్టరును ల్యాప్‌టాప్‌కు దూరంగా, కిటికీ గట్టు మీదో తలుపు వైపో పెట్టి, యాంటెన్నా నిలువుగా ఉంచి, కొంచెం కొంచెం జరుపుతూ శాతం చూడండి. ఒక్క అడుగు జరిపినా పది శాతం మారే చోట్లు ఉంటాయి. ల్యాప్‌టాప్‌ను అలా జరపలేం, ఏఎక్స్210 మీద ఈ అడాప్టరుకున్న గెలుపు ఇదే. బ్లూటూత్ రాదు, వెంట తీసుకెళ్లేటప్పుడు అడ్డం. లైనక్స్‌లో టీ3యూ ప్లస్‌కు 6.2 కంటే పాత కెర్నల్ అయితే డ్రైవరు విడిగా ఎక్కించుకోవాలి. పెట్టాక పాత కార్డును డివైస్ మేనేజర్‌లో డిజేబుల్ చేయండి, లేకపోతే విండోస్ రెండింటితోనూ కనెక్ట్ అయి, ఏది వాడుతోందో తెలియకుండా పోతుంది.