‘వైల్డ్ క్యాచ్, ఒక్కటే పీస్’ అంటూ పాము చూపిస్తే అడ్వాన్స్ కొట్టకండి

విజయవాడ, గుంటూరు వైపు పాములు పెంచుకునేవాళ్ల మధ్య తిరిగే ఒక రకం బేరం గురించి ఈ హెచ్చరిక. ఫొటోలో లేత బంగారు రంగులోనో బూడిద రంగులోనో ఓ పాము ఉంటుంది. కింద ‘బాల్ పైథాన్, వైల్డ్ క్యాచ్, కొత్త జీన్, ఇండియాలో ఇదొక్కటే’ అని రాసి ఉంటుంది. అడవిలో పట్టింది, దీని అరుదైన రంగు పిల్లలకూ వస్తుంది అని దాని అర్థం. ఫోన్ చేస్తే ‘అన్నా, సాయంత్రానికి ఉండదు, సగం ఇప్పుడే వేసెయ్యి’ అంటాడు.

బాల్ పైథాన్ కొండచిలువల జాతికి చెందిన ఆఫ్రికా పాము. ఘానా, టోగో, బెనిన్ దేశాల నుంచి ఎక్కువగా ఎగుమతవుతుంది. కొండపల్లి అడవిలోనో సత్తెనపల్లి పత్తి చేలలోనో దొరికేది కాదు. కాబట్టి ‘అడవిలో పట్టింది’ అన్నది నిజమైతే ఆ పాము దిగుమతి కాగితాలతో వచ్చి ఉండాలి, లేదా దొంగదారిన వచ్చి ఉండాలి. రెండూ కాకపోతే మన ఊళ్ల పామునే పట్టి పేరు మార్చారన్నమాట. ఈ మూడోదే అన్నిటికంటే ప్రమాదం.

ఎందుకంటే రంగు తేడా వచ్చిన పామును రంగు చూసి గుర్తుపట్టలేం. ఆల్బినో (పుట్టుకతోనే నల్ల వర్ణకం లేని) కట్లపాముకి మనం ఆనవాలుగా పెట్టుకునే నల్లటి ఒళ్లు ఉండదు. రక్తపింజరకి ఆ గొలుసు మచ్చలు మసకబారితే లావుపాటి ఒంటిని చూసి కొండచిలువ పిల్ల అనుకునేవాళ్లున్నారు. రంగు పోయినా పొలుసుల అమరిక మాత్రం మారదు. దాన్ని బతికున్న పాముని పట్టుకుని చూడక్కర్లేదు, కుబుసం చాలు. అమ్మేవాణ్ని ముందు కుబుసం అడగండి. పావుగంట నీళ్లలో నానబెట్టి, తెల్ల గుడ్డ మీద పరిచి, పగటి వెలుతురులో చూడండి. వీపు నడిమి వరసలో పొలుసులు పక్కవాటికంటే పెద్దగా, ఆరు పలకలుగా ఉండి, తోక కింది పొలుసులు చీలకుండా ఒక్కొక్కటిగా ఉంటే కట్లపాముగా అనుమానించి అక్కడే ఆగిపోండి. దాన్ని పోలి ఉండే విషం లేని వోల్ఫ్ స్నేక్‌కి తోక కింది పొలుసులు జంటలుగా ఉంటాయి. తల మీద పెద్ద పలకలు లేకుండా సన్న పొలుసులే ఉండి, ఒంటి మీద ఒక్కో పొలుసు నడుమ గీతలా గట్టు కనిపిస్తే రక్తపింజర కావచ్చు. ఇక పొట్ట పొలుసులు మెడ నుంచి మలద్వారం దాకా లెక్కపెట్టండి. బాల్ పైథాన్‌కి ఇవి రెండొందల చుట్టుపక్కల ఉంటాయి, మన కొండచిలువకి 250 దాటతాయి. లెక్కపెట్టడానికి పది నిమిషాలు పడుతుందేమో, లక్ష రూపాయల బేరానికి అదేం ఎక్కువ కాదు. కుబుసం ఇవ్వనన్నా, చిరిగిన ముక్క చేతిలో పెట్టినా బేరం వదిలెయ్యండి.

అదే కుబుసంతో రంగు వేశారో లేదో కూడా తేలుతుంది. పాముల్లో పసుపు, ఎరుపు వర్ణకాలు లోపలి చర్మంలో ఉంటాయి. పైన ఊడొచ్చే పొరలో ఉండేది కొంచెం మెలనిన్ (నల్ల వర్ణకం) మాత్రమే. అందుకే మామూలు పాము కుబుసంలో గోధుమరంగు నీడలా డిజైన్ కనిపిస్తుంది, అసలైన ఆల్బినో కుబుసంలో ఆ నీడే ఉండదు. కుబుసానికే పసుపో నారింజో అంటి ఉంటే అది జుట్టు డై లాంటిదే తప్ప జీన్ కాదు.

ఫొటోల దగ్గరికొస్తే, ‘నీలి కళ్ల లూసిస్టిక్’ అన్న పేరుతో చాలా మోసం నడుస్తుంది. కుబుసం విడిచే ముందు ఏ పాముకైనా కొన్ని రోజులు కళ్లు పాలనీలంగా మసకబారి, ఒళ్లు బూడిదగా మారుతుంది. ఆ రోజుల్లో తీసిన ఫొటోనే అమ్మకానికి పెడతారు. లూసిస్టిక్ పాము ఒళ్లంతా తెల్లగా ఉన్నా కంటి నడుమ పాప స్పష్టంగా కనిపిస్తుంది. మసక కంట్లో పాప కనబడదు. పది రోజులాగి వీడియో పంపమంటే చాలు. వీడియోలో పాము పక్కన తెల్ల ఏ4 కాగితం పెట్టమనండి. కాగితం నీలంగానో పసుపుగానో కనిపిస్తే పాము రంగు కూడా అంతే అబద్ధం. ఆగ్జాంథిక్ (పసుపు వర్ణకం లేని రకం) అని చెప్పే బూడిద రంగు పాములు చాలా ఈ పరీక్ష దగ్గరే ఆగిపోతాయి.

పైబాల్డ్ అని చూపే తెల్ల మచ్చల్ని దగ్గరగా చూడండి. పైబాల్డ్‌లో తెల్లభాగం పొలుసులు మిగతావాటి సైజులోనే నున్నగా ఉంటాయి, అంచు తెగ్గోసినట్టుంటుంది. హీట్ ప్యాడ్ కాల్చిన మచ్చ, ఎలుక కొరికిన మచ్చ అయితే పొలుసులు ముడుచుకుని, సైజు తప్పి, మెరుపు లేకుండా ఉంటాయి.

ఇవన్నీ దాటినా అది ‘జీన్’ అని తేలినట్టు కాదు. గుడ్లు పొదిగినప్పుడు వేడి ఎక్కువైతే పిల్లల ఒంటి మీద డిజైన్ చెదురుతుంది, అది తర్వాతి తరానికి రాదు. అడవి పాముల్లో నిజమైన జీన్లు దొరకవని కాదు. ఆల్బినో బాల్ పైథాన్ అలా అడవి నుంచి వచ్చిందే, 1992లో అమెరికా పాముల పెంపకందారు బాబ్ క్లార్క్ దాన్ని పిల్లలు పెట్టించి చూపించాకే జీన్ అన్నారు. ఆ పిల్లలు పెట్టించడానికే ఏళ్లు పడుతుంది. మగపాముని మామూలు ఆడదానితో కలిపితే, డామినెంట్ రకమైతే (తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా బయటపడేది) మొదటి ఈతలోనే సుమారు సగం పిల్లలు రంగుతో రావాలి. ఆరు గుడ్లలో ఒక్కటీ రాకపోతే, అది కేవలం దురదృష్టం అయ్యే అవకాశం 64లో ఒకటి. రిసెసివ్ అయితే (ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడేది) మొదటి ఈతలో పిల్లలన్నీ మామూలుగానే ఉంటాయి. వాటిలో ఆడపిల్లని మూడేళ్లు, కనీసం 1500 గ్రాముల దాకా పెంచి, మళ్లీ తండ్రితో కలిపితే సగం రంగు పిల్లలు రావాలి. అంటే అయిదేళ్ల పని. ఆలోపు దాని పిల్లల్ని ‘హండ్రెడ్ పర్సెంట్ హెట్’ (రంగు కనబడకపోయినా జీన్ కచ్చితంగా ఉంది) అని అమ్మేవాడు తనకే తెలియనిదాన్ని మీకు అమ్ముతున్నాడు. కొన్నది ఆడపాము అయితే ఇంకో చిక్కు: అడవిలో కలిసిన మగదాని వీర్యం నిల్వ ఉండి మీ దగ్గర గుడ్లు పెట్టొచ్చు, ఆ మొదటి ఈత దేనికీ రుజువు కాదు.

అడవి పాముతో పేలు, పురుగులు ఎలాగూ వస్తాయి. తిండి ముట్టకపోవడం కూడా మామూలే. ఇంట్లో వేరే పాములుంటే 90 రోజులు వేరే గదిలో ఉంచాలి.

కాగితాల సంగతి. బాల్ పైథాన్ సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. అమ్మేవాడి పేరున ఆ రిజిస్ట్రేషన్ చూపించమనండి. వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద రాసిచ్చే ‘ఓనర్‌షిప్ డిక్లరేషన్’ ఎందుకూ పనికిరాదు. మన దేశపు కొండచిలువ, నాగుపాము, జెర్రిపోతు, రక్తపింజర, రెండు తలల పాము అయితే ఏ కాగితంతోనూ కొనలేరు. 1972 వన్యప్రాణి చట్టంలో అమ్మినవాడితో పాటు కొన్నవాడూ ముద్దాయే. కొండచిలువ మొదటి షెడ్యూల్‌లో ఉంది: మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం పాతిక వేల జరిమానా.

ఇప్పటికే కొనేసినవాళ్లు భయపడి కృష్ణా లంకల్లోనో కొండ మీదో వదిలెయ్యకండి. చాట్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు దాచుకుని, పాముని గాలాడే గట్టి డబ్బాలో మూత బిగించి ఉంచి, లాయర్‌తో మాట్లాడి అటవీశాఖ రేంజ్ ఆఫీసుకి కబురు చెయ్యండి. ఏ పామో ఇంకా తేలకపోతే డబ్బాలో చెయ్యి పెట్టకండి. కరిస్తే కట్టు కట్టడం, కొయ్యడం లాంటివేం చెయ్యకుండా 108కి ఫోన్ చేసి జీజీహెచ్‌కి (ప్రభుత్వ పెద్దాసుపత్రికి) వెళ్లండి, డబ్బాలోని పాము ఫొటో ఉంటే డాక్టరుకి చూపించండి.