తేజస్, నోకియా, ఎరిక్సన్: టెలికాం పరికరాల షేర్లపై ఒక పరిశీలన

ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో విశాఖపట్నంలో ఏఐ కేంద్రాన్ని, దానితోపాటు సముద్రగర్భ కేబుళ్లు ఒడ్డుకు చేరే స్టేషన్‌ను నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించిన నాటి నుండి, మన నగరంలోని మదుపరులకు టెలికాం పరికరాల కంపెనీలపై ఆసక్తి పెరిగింది. అయితే మన తీరానికి కేబుల్ వస్తున్నదని తెలిసినంత మాత్రాన ఆ పరికరాల ఆర్డరు ఎవరికి దక్కుతుందో తెలియదు. అందుచేత ఈ షేర్లను నేను ఒకే ప్రశ్నతో చూస్తాను: కంపెనీ ఆదాయం ఎంతమంది కొనుగోలుదారులపై ఆధారపడి ఉన్నది?

ఈ ప్రశ్న ముందు ఎక్కువగా తడబడేది తేజస్ నెట్‌వర్క్స్. 2000లో బెంగళూరులో ప్రారంభమై, 2021లో టాటా గ్రూపు అధీనంలోకి రావడం మొదలైన ఈ సంస్థ, బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ నెట్‌వర్క్‌కు కావలసిన రేడియో పరికరాల కోసం ఆ నెట్‌వర్క్‌ను నిర్మిస్తున్న టీసీఎస్ నుండి 2023లో దాదాపు 7,492 కోట్ల రూపాయల ఆర్డరు పొందింది. ఆ ఒక్క ఆర్డరు బలంతో 2023-24లో సుమారు 2,471 కోట్లుగా ఉన్న ఆదాయం మరుసటి ఏడాది 8,923 కోట్లకు పెరిగింది. సరఫరా చాలావరకు ముగిసి, తరువాతి ఆర్డరు ఆలస్యం కాగానే, 2025 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో ఆదాయం 202 కోట్లకు పడిపోయి, 194 కోట్ల నష్టం వచ్చింది. స్వదేశీ 4జీ పరికరాలను ఇంత పెద్ద ఎత్తున తయారుచేసి చూపడం నిజంగా గొప్ప విజయం, అందుకు నేను గర్విస్తాను. కానీ గర్వపడటం వేరు, షేరుకు తగిన ధర కట్టడం వేరు.

విదేశీ దిగ్గజాలకూ ఈ బెడద తప్పలేదు. 2023 డిసెంబరులో అమెరికా సంస్థ ఏటీ అండ్ టీ దాదాపు 1,400 కోట్ల డాలర్ల కాంట్రాక్టును ఎరిక్సన్‌కు ఇవ్వడంతో నోకియా ఒక ముఖ్యమైన ఖాతాను కోల్పోయింది. అయినా నోకియా మొబైల్ టవర్లనే నమ్ముకొని కూర్చోలేదు. ఫైబర్ కేబుళ్లలో కాంతి ద్వారా డేటాను పంపే ఆప్టికల్ పరికరాలు తయారుచేసే ఇన్ఫినెరాను 230 కోట్ల డాలర్లకు కొని, 2025 ఫిబ్రవరిలో ఆ కొనుగోలును పూర్తి చేసి, డేటా సెంటర్ల వైపు అడుగు వేసింది. అదే ఏడాది అక్టోబరులో ఏఐ చిప్‌ల సంస్థ ఎన్విడియా నోకియాలో 100 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. ఎరిక్సన్‌కు పేటెంట్ల రాబడి పెద్ద అండ. అయితే 2022లో 620 కోట్ల డాలర్లకు కొన్న ఇంటర్నెట్ కాల్ సేవల సంస్థ వోనేజ్ విలువలో దాదాపు సగాన్ని మరుసటి ఏడాదే ఖాతా పుస్తకాల నుండి తగ్గించుకోవలసి రావడం, యాజమాన్యం తీసుకునే కొనుగోలు నిర్ణయాలపై నాకు సందేహం మిగిల్చింది.

చైనా సంస్థ హువావే స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదు కాలేదు కనుక దానిని పోల్చే పని లేదు. ఫైబర్ కేబుల్ తయారుచేసే హెచ్‌ఎఫ్‌సీఎల్, ఎస్‌టీఎల్ షేర్లను ఫైబర్ ధరల ఎగుడుదిగుళ్లను తట్టుకోగలిగినవారే చూడాలి.

నా వరుసలో నోకియాదే మొదటి స్థానం. ఎన్విడియా వార్తతో ధర ఒక్కసారిగా పెరిగింది కనుక విడతలవారీగా కొనడం మేలు. విదేశీ షేరు కాబట్టి విదేశాలకు డబ్బు పంపడంపై రిజర్వు బ్యాంకు విధించిన ఎల్‌ఆర్‌ఎస్ వార్షిక పరిమితిని, రూపాయి మారకపు విలువను కూడా లెక్కలోకి తీసుకోవాలి. తేజస్‌ను కొనదలచినవారు బీఎస్‌ఎన్‌ఎల్ కాక మరో పెద్ద ఆపరేటరు నుండి దానికి భారీ ఆర్డరు వచ్చేదాకా ఆగి, ప్రతి త్రైమాసికంలోనూ రావలసిన బకాయిలను, గోదాములలో మిగిలిన సరుకు విలువను తప్పక చూడాలి.