పిల్లల పళ్లకి హోలిస్టిక్ డెంటిస్టా, పీడియాట్రిక్ డెంటిస్టా?

పన్ను ఒక్కటే కాదు, తిండి, నిద్ర, ఊపిరి అన్నీ కలిపి చూస్తామని హోలిస్టిక్ డెంటిస్టులంటే ఏ అమ్మానాన్నలకి నచ్చదు? నాకూ నచ్చింది. కాకపోతే 'హోలిస్టిక్' అనేది ఏ డెంటిస్టయినా బోర్డు మీద రాసుకోగల మాట, విడిగా దానికో స్పెషాలిటీ గుర్తింపు లేదు. పీడియాట్రిక్ డెంటిస్టు మాత్రం దంతవైద్యం పూర్తయ్యాక మరో రెండు మూడేళ్లు పిల్లల పళ్ల మీదే చదివి వస్తారు.

ఆ చదువు విలువ పిల్లాడు నోరు బిగించినప్పుడు తెలుస్తుంది. మావాడు కుర్చీ ఎక్కనని మొండికేస్తే డాక్టరు గారు బతిమాలలేదు, గదమలేదు. చిన్న అద్దం వాడి చేతికిచ్చి "ముందు నువ్వు నా పళ్లు లెక్కపెట్టు" అన్నారు. పన్నెండు దాకా వచ్చి తప్పిపోయాడు. తర్వాత వాడే నోరు తెరిచాడు.

వెండి ఫిల్లింగ్ విషయంలో హోలిస్టిక్ వాళ్ల అభ్యంతరం కొట్టిపారేసేది కాదు. అందులో దాదాపు సగం పాదరసమే. యూరోపియన్ యూనియన్ 2018 జులై నుంచి, తప్పనిసరైతే తప్ప, 15 ఏళ్లలోపు పిల్లలకి అది వాడొద్దంది. పంటి రంగు ఫిల్లింగ్ పీడియాట్రిక్ డెంటిస్టులూ వేస్తారు కాబట్టి దీనికోసం వేరే చోటికి పోనక్కర్లేదు.

అసలు పేచీ, పళ్లు పుచ్చకుండా పేస్టులో కలిపే ఫ్లోరైడ్ దగ్గర. హోలిస్టిక్ వాళ్లలో చాలామంది దాన్ని దగ్గరికి రానివ్వరు. మింగితే మంచిది కాదన్నది నిజమే, అందుకే కదా 3 ఏళ్లలోపు బియ్యపు గింజంత, 6 ఏళ్ల దాకా బఠాణీ గింజంత పేస్టు చాలంటారు! పుచ్చు ఇంకా తెల్ల మచ్చగా ఉన్నప్పుడే ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తే చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. డ్రిల్లు వద్దనేవాళ్లే దీన్నీ వద్దంటే నాకు అర్థం కాదు. గుంట పడ్డాక కూడా సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అని ఒక మందు ఉంది, డ్రిల్లు లేకుండా పుచ్చుని ఆపగలదు. పూసిన చోట నల్లబడుతుంది, ముందుపళ్లకైతే ఆలోచించుకోవాలి.

"పాలపళ్లేగా, ఊడిపోతాయి" అనే డాక్టరు ఏ బోర్డు కిందున్నా లేచి వచ్చేయండి. వెనక దవడ పాలపళ్లు 10, 12 ఏళ్ల దాకా ఉండాలి.

నా ఓటు పీడియాట్రిక్ డెంటిస్టుకే. ఆ చదువు ఉండి, ఫ్లోరైడ్‌తో పేచీ లేని హోలిస్టిక్ డాక్టరు దొరికితే సంతోషం. గురక, నోటితో ఊపిరి సంగతి డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి. అవసరమైతే ఈఎన్‌టీకి పంపిస్తారు.