‘త్వరలో అప్‌డేట్ ద్వారా’ అని రాసి ఉన్న స్మార్ట్ డోర్‌బెల్ కొనేముందు ఒక హెచ్చరిక

గుమ్మానికి బిగించే కెమెరా డోర్‌బెల్ కొనాలనుకుంటున్నవారు దయచేసి ఇది చదివిన తర్వాతే డబ్బు కట్టండి. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున కంపెనీ పేరు రాయడం లేదు. ఇలా అమ్మేవారు ఒక్కరే కాదు కనుక పేరు కన్నా పద్ధతి తెలుసుకోవడమే ముఖ్యం.

నేను కొన్న డోర్‌బెల్ అమ్మకపు పేజీలో మూడు సౌకర్యాలు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి: వచ్చింది మనిషా కుక్కా అన్నది గుర్తించి చెప్పడం, మెమరీ కార్డులో రికార్డు చేసుకోవడం, 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలవడం. వాటి కింద చిన్న అక్షరాల్లో ‘త్వరలో అప్‌డేట్ ద్వారా’ అని ఉంది. మొదటిది వచ్చింది కానీ నెలనెలా చందా కడితేనే పనిచేస్తుంది. ఇక మిగిలిన రెండూ ఏ అప్‌డేట్‌తోనూ వచ్చేవి కావు. వెనుకవైపు రబ్బరు మూత తీసి చూస్తే మెమరీ కార్డు పట్టేంత సన్నని చీలిక కనిపిస్తుంది. కార్డును లోపలికి తోస్తే గోరంత లోతులోనే ప్లాస్టిక్ గోడకు తగులుతుంది. అక్కడ ఉండవలసిన స్లాట్‌ను అసలు బిగించనే లేదు. వైఫై చిప్ మాత్రం వేరే రేడియో పౌనఃపున్యమైన 2.4 గిగాహెర్ట్జ్‌కు మాత్రమే పనికివచ్చేదని పెట్టెలోని కాగితంలోనే ఉంది. ఆ కాగితం చేతికి వచ్చేది పెట్టె విప్పిన తర్వాతే.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ ప్రొడక్ట్ మేనేజర్ల (వస్తువులో ఏ సౌకర్యాలు ఉండాలో నిర్ణయించేవారి) పనిలోని తేడా కొంత తెలియాలి. సాఫ్ట్‌వేర్ చూసే మేనేజర్ అరకొర సౌకర్యాన్ని ముందు విడుదల చేసి, వాడేవారి గొడవ విని, రెండు వారాల్లో సరిదిద్దవచ్చు; అతని తప్పుకు ఖరీదు చాలాసార్లు ఒక క్షమాపణ మాత్రమే. హార్డ్‌వేర్ చూసే మేనేజర్‌కు ఆ వెసులుబాటు లేదు. నమూనాలు తయారై, పరీక్షలు ముగిసి, ప్లాస్టిక్ భాగాలకు ఉక్కు అచ్చులు కోసిన తర్వాత చిన్న మార్పుకు కూడా లక్షలు ఖర్చవుతాయి, నెలలు పడుతుంది. అందుకే చివరి దశలో ధర తగ్గించాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు లోపలి విడిభాగాన్ని తీసేస్తారు, అచ్చు జోలికి మాత్రం పోరు. నా డోర్‌బెల్ వెనుక ఉన్న ఉత్తుత్తి చీలిక అలా మిగిలిందేనని నా అనుమానం. విడిభాగం పోయినా అమ్మకపు పేజీలో మాట పోలేదు. ‘త్వరలో’ అనే ముసుగు వేసుకుని అక్కడే ఉండిపోయింది. మా అపార్ట్‌మెంటులో సగం మంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే, అయినా ఈ ముసుగును ఎవరూ అనుమానించలేదు. తర్వాతి విడుదలలో వస్తుందనుకోవడం వృత్తి నేర్పిన అలవాటు మరి.

హార్డ్‌వేర్ లోపాన్ని అప్‌డేట్ మాన్పలేదని 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 విషయంలో లోకమంతా చూసింది. బ్యాటరీలు అంటుకుంటుంటే అప్‌డేట్లతో చేయగలిగింది ఛార్జింగ్‌ను పరిమితం చేయడం, చివరికి కొన్ని దేశాల్లో పూర్తిగా ఆపేయడం మాత్రమే. ఫోన్లను వెనక్కి తీసుకోక తప్పలేదు. దీనికి వ్యతిరేక దిశలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. 2024లో 699 డాలర్లకు అమ్మకానికి వచ్చిన హ్యూమేన్ ఏఐ పిన్ (దుస్తులకు తగిలించుకునే ఏఐ పరికరం) ఆధారపడ్డ కంపెనీ సర్వర్లను 2025 ఫిబ్రవరి 28న ఆపేశారు. వస్తువు చెడిపోకపోయినా దాని ముఖ్యమైన పనులన్నీ ఆగిపోయాయి.

కాబట్టి పేజీలో ‘త్వరలో’ అని ఉన్న ప్రతి సౌకర్యాన్నీ లేనట్టే లెక్కవేసి, మిగిలినదానికి ఆ ధర తగునో లేదో చూడండి. వైఫై రకం, కార్డు స్లాట్, చందా కట్టకపోతే ఆగిపోయే పనులు, కంపెనీ సర్వర్ లేకుండా గంట మోగుతుందా అన్నది కస్టమర్ కేర్‌ను రాతపూర్వకంగా అడగండి. భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటివరకు ఇస్తారో కూడా అడగండి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇలాంటి వస్తువులకు ఆ గడువును చెప్పడం చట్టప్రకారం తప్పనిసరి, కాబట్టి అక్కడ కూడా అమ్మే కంపెనీ ఆ లెక్క తన దగ్గర లేదనలేదు.

ఇప్పటికే కొన్నవారు రిటర్న్ గడువు దాటకముందే అమ్మకపు పేజీని తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, ఎందుకంటే నేను ఫిర్యాదు చేసిన తర్వాత ఆ పేజీలో కార్డు ప్రస్తావన మాయమైంది. వస్తువు గురించి తప్పుదోవ పట్టించే ప్రకటనలు 2019 వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. బిల్లు, ఆ స్క్రీన్‌షాట్, రబ్బరు మూత తీసిన ఫోటో దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి.