మూడో టోన్ దగ్గర తెగిపోయే గీత

మాండరిన్ చైనీస్‌లో గొంతు ఎత్తుపల్లాలను బట్టి మాట అర్థమే మారిపోతుంది, వాటినే టోన్లంటారు. అవి పట్టుబడటం కోసం, మన గొంతు ఎత్తుపల్లాలను తెర మీద గీతగా చూపించే యాప్ ఒకటి చాలాకాలంగా వాడుతున్నాను. పేరెందుకులెండి. ఒకటి, రెండు, నాలుగు టోన్ల వరకూ దానికి దణ్ణం పెట్టాలి. చెవికి అందని తేడా కంటికి అందింది.

నా గొడవంతా మూడో టోన్‌తోనే. విడిగా పలికితే లోయలా కిందికి దిగి మళ్ళీ లేచేది అది. ఆ టోన్‌లో "హావ్" (మంచి) అనగానే గీత అడుగుకి దిగి తెగిపోతుంది, లేకపోతే ఉన్నట్టుండి పైకెక్కి కూర్చుంటుంది. వెంటనే ఎర్రరంగు. గీత తెగకుండా గొంతు కాస్త పైన పెట్టి పలికితే పచ్చరంగు వచ్చేది. అదే పలుకు విన్న చైనీస్ స్నేహితురాలు మాత్రం "రెండో టోనా?" అంది. రెండోది పైకి లేచేది.

ఒళ్ళు మండి ఆ ఎర్రరంగు రికార్డింగునే ప్రాట్‌లో తెరిచాను. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బోర్స్మా, డేవిడ్ వీనింక్ తయారుచేసిన, మాటల ధ్వనిని విశ్లేషించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. తరంగాన్ని పెద్దది చేసి చూస్తే, గీత లేనిచోట కూడా గొంతు పలుకుతూనే ఉంది! స్వరతంత్రులు దూరదూరంగా, క్రమం లేకుండా కొట్టుకుంటున్నాయి, అంతే. మూడో టోన్ అడుగున గొంతు ఇలా కిరకిరలాడటం పుట్టుకతో మాండరిన్ మాట్లాడేవాళ్ళకీ మామూలే. పాఠంలో మాట పలికిన ఆవిడ ఆడియో పెట్టి చూశాను, ఆవిడ గీత కూడా అక్కడే తెగింది. పిచ్ (గొంతు ఎంత ఎత్తులో ఉందో) లెక్కకి ధ్వని అలలు క్రమంగా తిరిగి రావాలి. రాకపోతే గీయడానికి ఏమీ ఉండదు. ప్రాట్ వెతికే పిచ్ కింది హద్దును 75 హెర్ట్జ్ నుంచి 40కి దించాక ముక్కలుగానైనా గీత కనిపించింది. కాకపోతే అప్పుడు ఒక్కో బిందువుకి 40 బదులు 75 మిల్లీసెకన్ల ధ్వని తీసుకుంటుంది కాబట్టి నాలుగో టోన్ జారుడు కాస్త మొద్దుబారుతుంది.

దణ్ణం అన్నాను గానీ, అది విడి అక్షరాలకే. మాటల మధ్య మూడో టోన్ మామూలుగా కిందికి దిగి అక్కడే ఉంటుంది, మళ్ళీ లేవదు. దాని వెనకే ఇంకో మూడో టోన్ వస్తే మొదటిది ఏకంగా రెండో టోనైపోతుంది. యాప్ నమూనా గీతలో మాత్రం ఎక్కడ చూసినా అదే లోయ. హల్లుల సంగతి పిచ్ గీత ఎలాగూ చెప్పదు.

ప్రాట్ మార్కులు వెయ్యదు, తప్పొప్పులు చెప్పదు, చూడ్డానికీ మోటుగా ఉంటుంది. పక్కన దిద్దే మాస్టారుంటే ఇంత తంటా అక్కర్లేదేమో, నాకు లేరు. పైగా నాది బొంగురు గొంతు, సన్నగొంతు వాళ్ళకి గీత ఇంతగా తెగకపోవచ్చు. యాప్ తీసెయ్యలేదు, మూడో టోన్‌కి మాత్రం రంగు పట్టించుకోవడం మానేశాను.